5.56 గొప్పదా, 7.62 గొప్పదా: వాదన మొదలైతే ఎవరి మాట పట్టుకోవాలి

మా గుంటూరులో రిటైరైన జవాన్లకీ, ఆర్మీ ర్యాలీకి తయారవుతున్న కుర్రాళ్లకీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. పగలంతా పరుగు టైమింగులు, పెన్షన్ కాగితాలు, ఎవరింట్లో పెళ్లి అన్నవే నడుస్తాయి. రాత్రి పది దాటాక ఎవరో ఒకరు తుపాకీ వీడియో పెడతారు. "5.56 తగిలినా మనిషి పడడు, 7.62 తగిలితే లేవడు" అని అందులో ఎవరో గట్టిగా చెబుతుంటారు. ఈ అంకెలు రైఫిల్ తూటాల లావు, మిల్లీమీటర్లలో. తెల్లారి లేచి చూస్తే నూట నలభై మెసేజులు ఉంటాయి. ఇద్దరు అలిగి గ్రూపులోంచి వెళ్లిపోయి ఉంటారు.

పొద్దున్నే ఎన్టీఆర్ స్టేడియం దగ్గర ఆ కుర్రాళ్లే నన్ను పట్టుకుంటారు. "మాస్టారూ, ఇంతకీ ఎవరు చెప్పింది కరెక్టు?" నేను సైన్యంలో 22 ఏళ్లు ఆర్మరర్‌గా చేశాను. తుపాకీ విప్పడం, అరిగిన పార్టు మార్చడం, గేజి పెట్టి చూడడం, మళ్లీ కోత్‌లో, అంటే ఆయుధాలు దాచే గదిలో, అప్పగించడం నా పని. ఇప్పుడు ఒక చిన్న షూటింగ్ అకాడమీలో పిల్లల ఎయిర్ రైఫిళ్లు చూసుకుంటున్నాను. కుర్రాళ్లకు రోజూ నోటితో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి వాదన మీ ముందుకొస్తే ఏం అడగాలి, ఎవరి మాటకు ఎక్కడిదాకా విలువ ఇవ్వాలి అన్నదే విషయం.

ముందు పూర్తి అడ్రసు అడగండి

బ్రాడీపేటలో ఆటో ఎక్కి "నాలుగో లైను" అంటే ఆటో అతను కదలడు. 4/14 అనాలి. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని అప్పుడు అర్థమవుతుంది. తూటా పేరు కూడా సరిగ్గా అంతే. ఉత్త "7.62" అంటే సగం అడ్రసు. దాని పక్కన రెండో అంకె ఉండాలి. మొదటిది లావు, రెండోది ఖోకా పొడవు, రెండూ మిల్లీమీటర్లలోనే. ఖోకా అంటే ఫైరింగ్ అయ్యాక మేం ఏరి లెక్కపెట్టి అప్పగించే ఇత్తడి గొట్టం. ఖోకా, మందు, బుల్లెట్ కలిసిన పూర్తి తూటానే రౌండు అంటాం. బుల్లెట్ అంటే దాని కొసన ఉండి ఎగిరిపోయే ముక్క మాత్రమే.

7.62×39 ఏకే-47 తూటా, సోవియట్ వాళ్లు 1943లో రూపొందించింది. 7.62×51 మన సైన్యం పాత రైఫిల్ ఎస్‌ఎల్‌ఆర్‌ది, నాటో దేశాలు 1954లో తీసుకున్నది. 7.62×54ఆర్ ఇంకా పాతది, 1891 నాటి రష్యన్ రైఫిల్‌తో పుట్టి ఇప్పటికీ డ్రాగునోవ్ అనే స్నైపర్ రైఫిల్‌లో నడుస్తోంది. ఈ మూడూ వేర్వేరు తూటాలు. ఒకదాని రౌండు ఇంకోదాని ఛాంబర్‌కు, అంటే బ్యారల్ వెనక తూటా కూర్చునే చోటుకు, సరిపోదు. మా గ్రూపులో ఒకసారి ఇద్దరు గంటన్నర కొట్టుకున్నారు. ఒకాయన మనసులో ఎస్‌ఎల్‌ఆర్ ఉంది, రెండో ఆయన మనసులో ఏకే ఉంది. ఇద్దరూ "7.62" అనే అంటున్నారు.

అడ్రసు తెలిశాక బలం ఎంతో మీరే లెక్క కట్టుకోవచ్చు. బుల్లెట్ బరువును కిలోల్లోకి మార్చి, వేగాన్ని వేగంతో గుణించి, రెండూ కలిపి గుణించి సగం చేయండి. జౌల్స్ వస్తాయి. పెట్టెల మీద బరువు గ్రెయిన్లలో ఉంటే 0.0648తో గుణిస్తే గ్రాములు. 5.56×45లో పాత ఎం193 బుల్లెట్ 55 గ్రెయిన్లు, అంటే 3.56 గ్రాములు. 20 అంగుళాల బ్యారల్‌లోంచి సుమారు సెకనుకు 990 మీటర్ల వేగంతో బయటికొస్తుంది. 990ని 990తో గుణిస్తే 9,80,100. దాన్ని 0.00356తో గుణించి సగం చేస్తే దాదాపు 1,745 జౌల్స్. అదే పద్ధతిలో 7.62×39కి (7.9 గ్రాములు, 715 మీటర్లు) 2,000 జౌల్స్ చిల్లర వస్తుంది. 7.62×51కి (9.5 గ్రాములు, 840 మీటర్లు) 3,350 వస్తుంది. చూడండి, రెండు "7.62"ల మధ్య తేడా ఎంత ఉందో! 5.56కీ ఏకేకీ మధ్య ఉన్న తేడా దాని ముందు ఏ మూలకూ రాదు.

ఇవి బ్యారల్ మూతి దగ్గరి లెక్కలు. మూడొందల మీటర్ల దగ్గర లెక్క వేరు. బ్యారల్ పొట్టిదైతే ఇంకా వేరు. ఎవరైనా అంకె చెబితే ఏ బ్యారల్, ఎంత దూరం అని అడగండి. చెప్పలేకపోతే ఆ అంకెను పక్కన పెట్టేయండి.

నేను కుర్రాడి నోరు మూయించిన రోజు

ఇది రాయడం నాకు కష్టంగానే ఉంది, అయినా రాయాలి. రెండేళ్ల కింద తెనాలి నుంచి వచ్చే ఒక కుర్రాడు గ్రూపులో ".303 రైఫిల్ బుల్లెట్ లావు .303 అంగుళం కాదు, .311" అని రాశాడు. ఆ కుర్రాడికి పందొమ్మిదేళ్లు. తుపాకీని రిపబ్లిక్ డే పరేడ్‌లో తప్ప చూసి ఉండడు. నేను సర్వీసు చివర్లో ఎన్‌సీసీ యూనిట్ల .303లు ఎన్నో చూశాను. బ్యారల్‌లో దింపే గేజి మీద .303 అని చెక్కి ఉండేది, అది నున్నగా దిగేది. అందుకే "బాబూ, నువ్వు పుట్టకముందు నుంచి నేను వాటిని కొలుస్తున్నా" అని రాశాను. వాడు ఊరుకున్నాడు. పది మంది నాకు దండం బొమ్మలు పెట్టారు.

వారం తర్వాత అకాడమీలో ఎయిర్ రైఫిల్ పెల్లెట్లు సర్దుతున్నాను. 10 మీటర్ల పోటీలో టార్గెట్ మధ్యనున్న పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే, అందుకని పెల్లెట్లలో నూరో వంతు తేడా కూడా చూస్తారు. డబ్బాల మీద 4.49, 4.50, 4.51 అని వేరువేరుగా ఉంటాయి. విజయవాడ ఆటోనగర్‌లో కొన్న డిజిటల్ వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పనిముట్టు) తీసి ఒక పెల్లెట్ పట్టుకున్నాను. సీసం మెత్తన, గట్టిగా నొక్కితే లొత్త పడుతుంది, అందుకే ఊపిరి బిగబట్టి దవడలు తాకీ తాకనట్టు ఆనించాను. తల దగ్గర 4.50 చూపించింది. వెనక గౌను అంచులా విచ్చుకున్న భాగం దగ్గర అంతకంటే ఎక్కువ చూపించింది. పెల్లెట్ ఒకటే, డబ్బా మీద అంకె ఒకటే, నేను పట్టుకున్న చోటు మారేసరికి కొలత మారింది. అప్పుడు నాకు ఆ కుర్రాడు గుర్తొచ్చాడు.

బ్యారల్ లోపల మెలిక తిరిగిన గాడులు ఉంటాయి. గాడికీ గాడికీ మధ్య ఎత్తుగా గట్టు ఉంటుంది. పొలంలో గట్టు, కాలువ లాగే. నా గేజి కొలిచింది గట్టు నుంచి ఎదురు గట్టుకు, అది .303 అంగుళం, అంటే 7.70 మిల్లీమీటర్లు. బుల్లెట్ మాత్రం గాడి అడుగు దాకా నిండాలి, లేకపోతే మందు గ్యాసు పక్కల నుంచి జారిపోతుంది, బుల్లెట్ సరిగా తిరగదు. కాబట్టి బుల్లెట్ .311 పైనే ఉంటుంది, అంటే 7.9 మిల్లీమీటర్లు. 7.62×51లోనూ ఇదే కథ, దాని బుల్లెట్ 7.82. 5.56 బుల్లెట్ 5.70.

నేను బ్యారల్ కొలిచాను, కుర్రాడు బుల్లెట్ గురించి చెప్పాడు. నా కొలత నిజం, వాడి మాటా నిజం. తప్పు ఎక్కడంటే, నేను కొలవని దాని మీద నా 22 ఏళ్లు తెచ్చి పెట్టాను. ఆ సాయంత్రమే అదే గ్రూపులో వాడి పేరు పెట్టి క్షమాపణ రాశాను. విడిగా ఫోన్ చేసి చెప్పి ఊరుకుంటే సరిపోయేది కాదు, అందరి ముందు చేసిన తప్పు అది. ఆ రోజు నుంచి నాకు ఒక పద్ధతి కుదిరింది. ఎవరు ఏది చెప్పినా రెండు మాటలు అడుగుతాను: "మీరు స్వయంగా చూసిందా, విన్నదా? చూసిందయితే దేన్ని, ఎక్కడ నుంచి?"

ఎవరికి ఏది తెలుసు

పెద్దల మాట చద్దిమూట అంటారు. నేనూ అదే నమ్ముతాను. కానీ మూటలో ఏముందో విప్పి చూసుకునే కదా తింటాం.

కాల్పుల్లో ఉన్న జవానుకు తన రైఫిల్ చేతిలో ఎలా నడిచిందో తెలుసు. బురదలో, మంచులో, పరుగెత్తాక ఊపిరి అందనప్పుడు ఎలా ఉందో ఆయన చెప్పినంతగా ఎవరూ చెప్పలేరు. ఎదుటివాడికి బుల్లెట్ ఎక్కడ తగిలింది, లోపల ఏం చేసింది అన్నది ఆయనకు ఆ క్షణంలో కనిపించదు. అది ఆయన లోపం కాదు, ఆయన నిలబడిన చోటు అలాంటిది.

ఆర్మరర్ మాటకు ఇంకో హద్దు ఉంది. మా దగ్గరికి చెడిపోయినవే వస్తాయి. ఆస్పత్రిలో పనిచేసేవాడికి ఊరంతా రోగులే అనిపించినట్టు, మాకు ప్రతి తుపాకీ రేపో మాపో చెడిపోయేదిగానే కనిపిస్తుంది. ఒకసారి ఒక జవాను రైఫిల్ నా టేబుల్ మీద పెట్టి "ఈ కాలిబరే దండగ ఉస్తాద్, మూడు రౌండ్లకు ఒకసారి స్టాపేజ్" అన్నాడు. కాలిబర్ అంటే తూటా లావు, స్టాపేజ్ అంటే కాల్పు మధ్యలో తుపాకీ ఆగిపోవడం. నేను రైఫిల్ పక్కనపెట్టి మ్యాగజైన్ (రౌండ్లు నింపే డబ్బా) తీసి వెలుతురుకు పట్టి చూశాను. రౌండును పట్టి ఉంచే పైఅంచుల్లో ఎడమది కొంచెం బయటికి వంగింది. గోరు పెట్టి తడిమితే తెలిసేంత. మ్యాగజైన్ మార్చి ఇచ్చాను. ఆ రోజు రేంజ్‌లో ఒక్క స్టాపేజ్ కూడా రాలేదు. కాలిబర్‌కు దానితో ఏ సంబంధమూ లేదు.

పెద్ద ఎత్తున జరిగినదీ ఇదే. వియత్నాం యుద్ధంలో అమెరికా 5.56 రైఫిల్ ఎం16 తొలిరోజుల్లో జామ్ అయి సైనికులు చనిపోయారు. 1967లో అమెరికా కాంగ్రెస్ కమిటీ విచారించింది. తూటాలో మందు రకం మార్చడం, ఛాంబర్‌కు క్రోమ్ పూత లేకపోవడం, శుభ్రం చేసుకునే సామాను సరిగా ఇవ్వకపోవడం బయటపడ్డాయి. మన సైన్యం 5.56 రైఫిల్ ఇన్సాస్ మీద కార్గిల్ తర్వాత వచ్చిన ఫిర్యాదుల్లో ముఖ్యమైనది చలికి ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగిలాయన్నది. అది ప్లాస్టిక్ సంగతి. దాన్ని తీసుకొచ్చి "5.56 పనికిరాదు" అనే వాదనకు సాక్ష్యంగా పెడితే ఒప్పుకోకండి. ఈ ఒక్క తేడా పట్టుకుంటే గ్రూపులో సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి.

మరి "కొట్టినా పడలేదు" అనే మాట? అది తేల్చాల్సింది గాయాన్ని కోసి చూసినవాళ్లు. మార్టిన్ ఫ్యాక్లర్ అనే అమెరికన్ ఆర్మీ సర్జన్ వియత్నాంలో గాయాలకు ఆపరేషన్లు చేశారు. 1981లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని లెటర్‌మన్ ఆర్మీ సంస్థలో గాయాల మీద ప్రయోగశాల పెట్టారు. కండరంలా అడ్డుపడే జెలటిన్ దిమ్మెల్లోకి కాల్చి, బుల్లెట్ ఎన్ని అంగుళాల లోపల అడ్డం తిరిగిందో, ఎక్కడ ముక్కలైందో బొమ్మ గీసి చూపించారు. ఎం193 బుల్లెట్ దగ్గర నుంచి వేగంగా తగిలితే లోపల అడ్డం తిరిగి విరుగుతుంది, గాయం పెద్దదవుతుంది. దూరం పెరిగి వేగం తగ్గాక తగిలితే విరగకుండానే సాగిపోతుంది. ఇప్పుడు మా గ్రూపులోని ఇద్దరు పెద్దమనుషుల మాటలు పక్కపక్కన పెట్టండి. "ఒక్క రౌండుకే పడ్డాడు" అన్నవారు యాభై మీటర్ల సంగతి చెబుతూ ఉండొచ్చు, "తగిలినా పరిగెత్తాడు" అన్నవారు మూడొందల మీటర్ల సంగతి. ఇద్దరూ చూసిందే చెప్పారు. దూరం అడిగితే సరిపోయేది.

అలాగని పెద్ద పేరున్నవాళ్ల అంకెలన్నీ కళ్లకద్దుకోనక్కర్లేదు. ఎస్‌.ఎల్‌.ఎ. మార్షల్ అనే అమెరికన్ సైనిక రచయిత, రెండో ప్రపంచ యుద్ధంలో పోరాటంలో ఉన్నవారిలో నలుగురికి ఒకడికి మించి తుపాకీ పేల్చలేదని 1947లో రాశారు. దశాబ్దాల పాటు సైన్యాలు ఆ మాట చెప్పుకున్నాయి. 1980లలో చరిత్రకారులు వెతికితే ఆ లెక్క ఎలా కట్టారో చూపే ఆధారం దొరకలేదు. లెక్క ఎలా వచ్చిందో అడగడం ఎవరినీ అవమానించడం కాదు. అడిగితే కోపం తెచ్చుకునేవారికంటే, కాగితం తీసి చూపించేవారి మాట మీద ఎక్కువ బరువు వేయండి.

"గాయపరచడానికే తయారుచేశారు" అన్నప్పుడు

ఇది ప్రతి వాదనలోనూ వస్తుంది: "5.56ను చంపడానికి చేయలేదు. ఒకడు గాయపడితే ఇద్దరు మోసుకెళ్తారు, ముగ్గురు తగ్గుతారు." నేను ట్రైనింగ్‌లో విన్నాను, తర్వాత నా జూనియర్లకు చెప్పాను కూడా. ఇలాంటి మాట వచ్చినప్పుడు ఆ తూటా పుట్టినప్పటి కాగితాలు ఏమన్నాయో చూడాలి.

1952లో నార్మన్ హిచ్‌మన్ అనే పరిశోధకుడు అమెరికా సైన్యం కోసం యుద్ధాల లెక్కలు తిరగేసి, రైఫిల్ దెబ్బలు ఎక్కువగా మూడొందల గజాల లోపే పడుతున్నాయని తేల్చారు. అంత దూరానికి బరువైన తూటా అవసరం లేదు, తేలికైనదైతే జవాను ఎక్కువ మోస్తాడు, తుపాకీ అదుపులో ఉంటుంది. 1957లో అమెరికన్ సైన్యం చిన్న కాలిబర్ రైఫిల్ అడిగినప్పుడు పెట్టిన షరతుల్లో, 500 గజాల దగ్గర ఇనుప హెల్మెట్‌ను చీల్చాలన్నది ఒకటి. గాయం చేసే శక్తి అప్పటి కార్బైన్ (పొట్టి, తేలిక రైఫిల్) కంటే తగ్గకూడదన్నది ఇంకొకటి. "చావకూడదు" అనుకునేవాళ్లు పెట్టే షరతులు కావు ఇవి.

బరువు సంగతి చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. 5.56 రౌండు సుమారు 12 గ్రాములు, 7.62×51 రౌండు దానికి రెట్టింపు. 150 రౌండ్లకు 1.8 కిలోలు ఒకవైపు, 3.6 కిలోలు ఇంకోవైపు. మ్యాగజైన్ల బరువు ఇంకా కలపలేదు. ర్యాలీ కోసం పరిగెత్తే కుర్రాళ్లకు చేతిలో రెండు కిలోల సంచి పెట్టి నాలుగు రౌండ్లు కొట్టిరమ్మంటాను. వచ్చాక ఎవరూ వాదించరు.

అందుకే "ఏది గొప్ప" అనే ప్రశ్నకు జవాబు వెతకొద్దు. ఎవరు మోస్తారు, ఎంత దూరం కాల్చాలి, ఎదురుగా ఏముంది అని అడగండి. మన సైన్యమే 2019లో 7.62×51 వాడే సిగ్ 716 రైఫిళ్లు 72,400 కొన్నది. 2021 డిసెంబరులో 7.62×39 వాడే ఏకే-203 రైఫిళ్లు ఆరు లక్షలకు పైగా తయారీకి ఒప్పందం చేసుకుంది, అవి అమేఠీ దగ్గర కోర్వాలో తయారవుతున్నాయి. 5.56 ఇన్సాస్ కూడా చేతుల్లో ఉంది. అమెరికా 2022లో 6.8×51 రైఫిల్‌ను ఎంచుకుంది, అదీ ముందు వరుసలో పోరాడే దళాలకు. మిగతావారికి 5.56 ఉండనే ఉంది. ఒకే సైన్యంలో మూడు జవాబులు ఉన్నాయంటే మూడు ప్రశ్నలు ఉన్నాయని.

మాట్లాడేటప్పుడు

సర్వీసులో ఉన్నవారిని "అన్నా, మీ యూనిట్‌లో ఇప్పుడు ఏ రైఫిల్, ఎన్ని రౌండ్లు, ఎక్కడున్నారు" అని గ్రూపులో ఎప్పుడూ అడగకండి. ఆయన చెప్పకపోతే "ఫేక్" అని రెచ్చగొట్టకండి. చెప్పకపోవడమే ఆయన డ్యూటీ. ఇది నేను బతిమాలి చెబుతున్న మాట. వాదన గెలవాలనే ఆవేశంలో ఒక ఫొటో పెట్టేస్తే, అది ఎవరి ఫోన్‌లో తేలుతుందో మనకు తెలియదు.

అంకెలు చదివి మోజుపడి ఆయుధాలు, తూటాలు ఎక్కడ దొరుకుతాయని అడిగే కుర్రాళ్లు కూడా ఉంటారు. 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా ఉన్నా నేరమే. కాల్చాలని నిజంగా ఉంటే ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెట్టండి. 2008లో అభినవ్ బింద్రా ఒలింపిక్ బంగారు పతకం తెచ్చింది 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్‌తోనే.

రాత్రి పది తర్వాత జవాబు రాయకండి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనేవారు అప్పుడే ఎక్కువగా మేలుకుని ఉంటారు. పొద్దున రాయండి, ఒక్క మెసేజే రాయండి, అందులో మీరు చూసిందీ చదివిందీ విడివిడిగా చెప్పండి. ర్యాంకు చెప్పొచ్చు, కానీ ఆ పని చేశానని చెప్పడానికే. నోరు మూయించడానికి వాడొద్దు.

పోయిన నెల మా గ్రూపులో మళ్లీ మొదలైంది. నరసరావుపేట వైపు సుబేదార్ గారు ఒకరున్నారు, డెబ్భై దాటాయి, ఆయన మాటంటే అందరికీ గౌరవం. "7.62 ముందు ఏదీ ఆగదు" అని రాశారు. ఎవరూ ఎదురు చెప్పలేదు. కాసేపటికి తెనాలి కుర్రాడు రాశాడు: "సార్, మీరు వాడింది 39నా, 51నా?" నాకు గుండె దడదడలాడింది, పెద్దాయన ఏమంటారో అని. పది నిమిషాలు ఏమీ రాలేదు. తర్వాత ఆయన జవాబు వచ్చింది: "51 బాబూ. ఎస్‌ఎల్‌ఆర్. 39 నేనెప్పుడూ కాల్చలేదు. దాని సంగతి కాల్చినవాళ్లను అడగండి."